ఆకలి తిరిగొచ్చిన ఏడాది
(పెద్దసారు స్మారకోపన్యాసం, ఆర్మూర్)



ఈ ఉపన్యాసానికి తన పేరు పెట్టొద్దని సారు చెప్పి పోయారట. ఊరంతా పిలిచిన పిలుపే చాలన్నారట. అందుకే ఇది పెద్దసారు స్మారకోపన్యాసం. విషయం మాత్రం ఆయన పెద్ద కోడలు ఎంచారు. "పొగ మానమని చెప్పే సభలు మస్తు అయినయి డాక్టర్ సాబ్. మానినోళ్లకు తర్వాత ఏమైతదో చెప్పే సభ ఒక్కటి గూడ కాలే. గది చెప్పుండ్రి" అన్నారు. ఆమె ఎందుకు అడిగారో నాకు తెలుసు. సభలో చెప్పమన్నదీ ఆమే కనుక చెబుతాను.

సారు లెక్కల మాస్టారు. బడి అయ్యాక పసుపు చేనే ఆయనకు రెండో బడి. చదువుకునే రోజుల్లో అంటుకున్న బీడీ ఆయన్ని యాభై దాటేదాకా వదల్లేదు. ఒక చలికాలం దగ్గు ఎక్కువై, మెట్లెక్కితే ఆయాసం వచ్చి, ఒక్క రోజులో మానేశారు. అంత గట్టి మనిషి. ఆరు నెలలు తిరక్కుండానే ప్యాంట్లు నడుము దగ్గర పట్టడం మానేశాయి. చాయ్ హోటల్ ముందు ఆగితే చాలు, "ఏం సారూ, పెయ్యి జేసినవ్, ఇంటి భోజనం మంచిగ ఒంటబట్టినట్టున్నది" అని ఒకరు, "బొజ్జ ముందుగాల వస్తున్నది, సారు ఎనుక వస్తున్నడు" అని ఇంకొకరు. ప్రేమగా అన్న మాటలే. ఆయన రాత్రి అన్నం మానేశారు, పొద్దున నడిచారు, తేనె నీళ్లు తాగారు. బరువు తగ్గలేదు. ఏడాది నిండేలోపే మళ్లీ బీడీ ముట్టించారు. "దగ్గును ఓర్చుకున్న గని బొజ్జను ఓర్చుకోలేకపోయిన" అని నాతో అన్నప్పుడు ఆయన గొంతులో ఉన్నది సిగ్గు. తర్వాత కొన్నేళ్లకు ఇంకోసారి మానేసి, ఇక తిరిగి ముట్టలేదు. కొంచెం బొజ్జతోనే బతికారు. కానీ మధ్యలో పోయిన ఆ కొన్నేళ్లు ఊపిరితిత్తులకు తిరిగి రాలేదు.

సారుకు మనోబలం తక్కువని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆయనకు తక్కువైంది ముందుమాట. పొగ మానితే బరువు పెరగవచ్చని, అది ఎంత ఉంటుందో, ఎప్పుడు ఆగుతుందో, ఎందుకు వస్తుందో ఎవరూ చెప్పలేదు. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే: పొగ మానమని అడిగేవాళ్లు, ఆ తర్వాత ఏడాది పాటు ఆ మనిషి పక్కన నిలబడాలి. మానిన రోజుతో వైద్యం అయిపోదు.

ముందు లెక్క చెప్పుకుందాం, సారు ఇష్టపడేవారు. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. 62 అధ్యయనాలను కలిపి చూశారు. మందుల సాయం లేకుండా పొగ మానినవాళ్లు ఏడాదికి సగటున 4.7 కిలోలు పెరిగారు. అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే వచ్చింది. తర్వాత వేగం తగ్గింది. ఈ సగటు వెనుక దాగిన మాట ఇంకా ముఖ్యం. మానినవాళ్లలో 16 శాతం మంది బరువు తగ్గారు. 13 శాతం మంది పది కిలోల కన్నా ఎక్కువ పెరిగారు. అంటే మీకు ఏమవుతుందో మీ పక్కింటాయన్ని చూసి చెప్పలేం. ఆయనకు పది కిలోలు పెరిగిందని మీరు భయపడనక్కర్లేదు. ఆయనకు ఏమీ కాలేదని, మీకు పెరిగితే మీ తప్పనుకోనక్కర్లేదు.

ఎందుకు పెరుగుతుంది? దీని జవాబు పుస్తకాల్లో కన్నా మన చేలల్లో బాగా కనిపిస్తుంది. పసుపు ఉడకబెట్టే రాత్రులు మీకు తెలుసు. ఇప్పుడు ఆవిరి బాయిలర్లు వచ్చాయి గానీ, పెద్ద కడాయిల కింద కట్టెలు ఎగదోస్తూ తెల్లారేదాకా కూచున్నవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. మాఘమాసపు చలి. ఒక పక్క మంట సెగ, ఇంకో పక్క వీపు గడ్డకట్టే గాలి. కొమ్ము ఉడికిందా లేదా అని పుల్లతో గుచ్చి చూడాలి. అది పచ్చిగా ఉంటే ఇంకో గంట. ఇంటి నుంచి తెచ్చుకున్న సద్ది ఎప్పుడో అయిపోయింది. అప్పుడు పొయ్యిలోంచే ఒక కొరివి తీసి బీడీ ముట్టిస్తాడు మనిషి. రెండు దమ్ములకు నిద్ర పోతుంది. ఇంకో రెండు దమ్ములకు ఆకలి పోతుంది. పొద్దున దాకా అదే భోజనం. మార్కెట్లో బస్తాలు మోసే అన్న కూడా అంతే. లారీ నిండేదాకా అన్నానికి పోలేడు. చాయ్, బీడీ, మళ్లీ చాయ్. మన దగ్గర బీడీ సోకు కోసం వచ్చింది కాదు. అన్నానికి టైమ్ లేనివాడి కడుపు నోరు మూయించడానికి వచ్చింది.

ఆ పని అది నిజంగానే చేస్తుంది. మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ అనే చోట, ఇక చాలు, తిన్నది సరిపోయింది అని చెప్పే నాడీకణాలు ఉంటాయి. నికోటిన్ నేరుగా వాటినే తడుతుందని యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో ఎలుకల మీద చూపించారు. కడుపు ఖాళీగా ఉన్నా మెదడుకు నిండినట్టు కబురు పోతుంది. రెండో పని, కూచున్నప్పుడు కూడా ఒంట్లో కాలే శక్తిని అది పెంచుతుంది. 1986లో స్విట్జర్లాండ్‌లో కొందరు పొగతాగేవాళ్లను గదిలో ఉంచి కొలిచారు. రోజుకు 24 సిగరెట్లు కాల్చినప్పుడు వాళ్ల శరీరం ఖర్చు పెట్టే శక్తి సుమారు 10 శాతం పెరిగింది, దాదాపు 200 కేలరీలు. బీడీ వీటిలో ఏ పనిలోనూ సిగరెట్‌కు తీసిపోదు. తునికాకులోంచి గాలి సరిగా ఆడదు. ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ గట్టిగా పీల్చాలి. చిన్నగా కనిపించినా నికోటిన్‌ను ధారాళంగానే ఇస్తుంది.

మరి అది ఆగిన రోజున ఏమవుతుంది? ఆ 200 కేలరీల ఖర్చు ఆగుతుంది. కడుపు ఖాళీ అయితే ఖాళీ అయిందని మెదడుకు నిజం తెలుస్తుంది. నాలుక మీద, ముక్కులో ఏళ్లుగా మందగించిన రుచీ వాసనా తేరుకుంటాయి. అంకాపూర్ నాటుకోడి కూర వాసన సందు మొదట్లోనే అందుతుంది. చేతికి ఏమీ తోచదు, నోటికి ఏమీ తోచదు. బీడీ కట్ట ఉండే జేబులోకి బిస్కెట్ ప్యాకెట్ వస్తుంది. కాబట్టి పెరిగిన బరువులో కొంత భాగం కొత్తగా వచ్చింది కానే కాదు. పొగ ఇన్నేళ్లు తొక్కిపెట్టిన బరువు అది. అసలు పొగ తాగకుండా ఉండి ఉంటే ఆ మనిషి ఎంత ఉండేవాడో అటువైపు శరీరం నడుస్తోంది. ఇది తెలిసినవాడు అద్దంలో చూసుకున్నప్పుడు తన మీద తాను అంత కఠినంగా ఉండడు.

ఈ భయాన్ని అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. 1928 ప్రాంతంలో అమెరికాలో లక్కీ స్ట్రైక్ కంపెనీ, తీపి తినే బదులు మా సిగరెట్ తీసుకోండి అని ఆడవాళ్లకు ప్రకటనలు ఇచ్చింది. సన్నగా ఉండాలంటే పొగ తాగాలనే నమ్మకాన్ని డబ్బు పెట్టి నాటారు. నూరేళ్లు కావస్తున్నా అది వాడిపోలేదు. మన ఊళ్లో కాలేజీ పిల్లల నోట కూడా వింటున్నాను, అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోలేను.

పైగా ఆ నమ్మకం సగం అబద్ధం. పొగతాగేవాళ్లు మొత్తం మీద సన్నగా ఉన్నా, అదే బరువున్న ఇతరుల కన్నా వాళ్లకు పొట్టలోపలి కొవ్వు ఎక్కువగా ఉండే ధోరణి కనిపిస్తుంది. భారతీయుల ఒంటి తీరు ముందే అలాంటిది. కాళ్లూ చేతులూ సన్నగా, నడుము దగ్గర కొవ్వు. అందుకే మనకు గీతలు కిందికి గీశారు. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. బీడీ తాగినన్ని రోజులు సన్నగా కనిపించిన అన్నను టేపుతో కొలిస్తే నడుము 92 ఉన్న సందర్భాలు నేను చాలా చూశాను. చొక్కా దాచింది, అంతే.

అసలు ప్రశ్న ఇప్పుడు. ఆ నాలుగైదు కిలోలు పొగ కన్నా ప్రమాదమా? కాదు. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో తరాలుగా జనాన్ని గమనిస్తున్నారు. అక్కడి లెక్కలు 2013లో వచ్చాయి. షుగర్ లేనివాళ్లలో, పొగ మానినవాళ్లకు గుండెజబ్బుల ముప్పు తాగేవాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి తగ్గింది. పెరిగిన బరువును లెక్కలోకి తీసుకున్నా ఆ లాభం తగ్గలేదు. మన దేశంలో 2008లో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం బీడీ తాగే మగవాళ్లకు ఆయుష్షు సుమారు 6 ఏళ్లు, బీడీ తాగే ఆడవాళ్లకు 8 ఏళ్లు, సిగరెట్ తాగే మగవాళ్లకు 10 ఏళ్లు తగ్గుతోంది. బ్రిటన్ డాక్టర్ల మీద 1951లో మొదలుపెట్టి యాభై ఏళ్లు చేసిన పరిశీలన ఇంకో మాట చెప్పింది. 60 ఏళ్లకు మానినా 3 ఏళ్లు, 50కి మానితే 6 ఏళ్లు, 40కి మానితే 9 ఏళ్ల ఆయుష్షు తిరిగి దక్కుతుంది. నాలుగు కిలోల కోసం ఆరేళ్లు ఇస్తామా?

అయితే ఒక జాగ్రత్త ఉంది, దాచిపెట్టను. 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో, మానిన తర్వాత మొదటి కొన్నేళ్లు షుగర్ వచ్చే ముప్పు పెరిగింది. 5 నుంచి 7 ఏళ్ల మధ్య అది గరిష్ఠానికి చేరి తర్వాత దిగింది. బరువు పెరగనివాళ్లలో ఆ పెరుగుదల లేదు. అంత జరిగినా, బరువు పెరిగినవాళ్లలో కూడా మరణాల ముప్పు తగ్గింది. కాబట్టి మానడం ఆపకండి, షుగర్ పరీక్ష చేయించడం మరవకండి. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం తేల్చింది. బీడీ మానిన అన్నకు ఏడాదికోసారి రక్తపరీక్ష తప్పనిసరి అనేది నా పట్టుదల.

ఆశా అక్కలు ముప్పై దాటినవాళ్ల దగ్గరికి తెచ్చే ఫారం మీలో చాలామంది చూసుంటారు. వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, శ్రమ, ఇంట్లో బీపీ షుగర్ ఉన్నాయా అని అడిగి మార్కులు వేస్తారు. రోజూ బీడీ తాగేవాడికి 2. మానేసినవాడికి 1. మగవాళ్ల నడుము 90 లోపు ఉంటే 0, 91 నుంచి 100 దాకా 1. ఇప్పుడు సారు లెక్క వేసి చూడండి. బీడీ మానారు, ఒక మార్కు తగ్గింది. నడుము 94 అయింది, ఒక మార్కు పెరిగింది. మొత్తం అంతే. పరీక్షకు ముందు ఎవరిని పంపాలో తేల్చడానికి చేసిన ఫారం అది, ఆ పనికి బాగానే ఉంది. కానీ మానినాయన ఆ కాగితం చూసుకుంటే ఏ మార్పూ లేదనుకుంటాడు. లోపల గుండెకు, ఊపిరికి ఎంత మేలు జరిగిందో అందులో కనిపించదు. ఆ అక్క నోటితో చెప్పాలి. అందుకే ఆ మాట చెప్పడం ఆశా శిక్షణలో చేర్చాలని నేను కోరుతున్నాను.

ఇక తగ్గించుకోవడం. మానినవాళ్లలో నేను ఎక్కువగా చూసే పొరపాటు సారు చేసిందే, పస్తులు. నికోటిన్ ఆగి ఆకలి పెరిగిన నెలల్లో కడుపు మాడ్చుకుంటే శరీరం బీడీనే అడుగుతుంది, ఎందుకంటే ఆకలిని చంపే మార్గం దానికి అదొక్కటే తెలుసు. 2001లో పిట్స్‌బర్గ్‌లో బరువు భయంతో ఉన్న ఆడవాళ్లను గుంపులుగా చేసి పరీక్షించారు. ఒక గుంపుకు పథ్యం నేర్పారు. ఇంకో గుంపుకు, కొంచెం పెరిగినా ఫరవాలేదని మనసును సిద్ధం చేశారు. రెండో గుంపులోనే ఎక్కువమంది పొగ మానారు. ఏడాది చివర బరువు తక్కువ పెరిగిందీ వాళ్లకే. భయం తగ్గితే చెయ్యి తిండి మీదికి కూడా తక్కువ పోతుంది.

అందుకని మొదటి మూడు నెలలు ఒకే పని, పొగ లేకుండా ఉండటం. ఆ రోజుల్లో ఆకలేస్తే తినాలి. ఏం తినాలన్నదే చూసుకోవాలి. మన అలవాటులో జవాబు ఉంది. బొబ్బర గుడాలు, శనిగ గుడాలు, పెసళ్లు. నోటికి పని, కడుపుకు నిండుదనం, కండకు మాంసకృత్తులు. బిస్కెట్, మిర్చి బజ్జి చేయలేని పని అది. సారు కోడలు రెండోసారి అదే చేశారు, జేబులో వేయించిన శనిగలు పెట్టి పంపేవారు. దేశంలో సగటున మనం తినే శక్తిలో 62 శాతం పిండిపదార్థాలదే అని ఐసీఎంఆర్ 2025లో చెప్పింది. మన పళ్లెం చూస్తే ఆశ్చర్యం లేదు. రాత్రి పూట అన్నం కొండలో సగం తీసి, ఆ జాగాలో పప్పు, కూర, ఒక జొన్నరొట్టె పెట్టండి. ఎర్రజొన్న పండించే రైతు ఇంట్లో జొన్నరొట్టె పండుగ వంట కావడం నాకు బాధగా ఉంటుంది.

చాయ్ మాట విడిగా చెప్పాలి. బీడీ మానినవాడు చాయ్ పెంచుతాడు. రోజుకు ఆరు చాయ్‌లు, చాయ్‌కి రెండు చెంచాల చక్కెర అంటే 12 చెంచాలు. అటూఇటూగా 200 కేలరీలు. పొగ ఆగినందువల్ల శరీరం ఖర్చు పెట్టకుండా మిగిల్చినదీ దాదాపు అంతే. చాయ్ మానమనడం లేదు. చక్కెర తగ్గిస్తే ఆ లెక్క సగం సరిపోతుంది. నేను చూసినవాళ్లలో మిగతా ఏ సలహా కన్నా ఇదే ఎక్కువమందికి పని చేసింది.

నడక గురించి ఒక్క మాట. పది నిమిషాల చురుకైన నడక బీడీ మీద పుట్టిన కోరికను ఆ పూటకు తగ్గిస్తుందని రుజువైంది. సిద్ధులగుట్ట మనకు పక్కనే ఉంది. బస్తాలు మోసే అన్నకు కొత్త వ్యాయామం అక్కర్లేదు. గల్ఫ్‌లో ఏళ్లు కష్టపడి వచ్చి, ఇప్పుడు ఇంట్లో కూచున్న తమ్ముళ్లకు కావాలి.

మందులు ఉన్నాయి. నికోటిన్ చూయింగ్‌గమ్, బుప్రోపియాన్, వారెనిక్లిన్ పొగ మానడానికి సాయపడతాయి, వాడినన్ని రోజులు బరువు పెరుగుదలను కొంత వెనక్కి నెడతాయి. ఆ గడువు చాలా విలువైనది, ఈలోపు తిండి అలవాటు కుదురుకుంటుంది. డాక్టరును అడిగి వాడండి. బీడీ బదులు తంబాకు నమలడం, గుట్కా వేసుకోవడం మాత్రం వద్దు. నికోటిన్ పోదు, నోటి క్యాన్సర్ ముప్పు తోడవుతుంది. పసుపు నీళ్లు కొవ్వు కరిగిస్తాయా అని నన్ను ఈ ఊళ్లో అడగనివాళ్లు లేరు. పసుపు మన అన్నం, మన పంట, మన గౌరవం. కానీ పరగడుపున తాగితే పొట్ట కరుగుతుందని చెప్పడానికి ఆధారం లేదు. పసుపు మీద ప్రేమతోనే అబద్ధం చెప్పను.

బీడీ చేసే అక్కలు నొచ్చుకోకూడదు. రోజూ చాట ఒళ్లో పెట్టుకొని, నడుము వంచి, వెయ్యి బీడీల లెక్క తీర్చి పిల్లల ఫీజులు కట్టినవాళ్లు మీరు. పొగ మానండని నేను అన్న ప్రతిసారీ మీ చేతిలో పని గురించే అంటున్నానని మీకు అనిపిస్తుంది. ఆ భారం మీ మీద వేసే హక్కు నాకు లేదు. బతుకుదెరువుకు మారు చూపాల్సింది ప్రభుత్వం. మీ నుంచి నేను కోరేది వేరు. ఇంట్లో మగమనిషి బీడీ మానిన ఏడాదిలో అతని పొట్ట మీద మాట అనకండి, అననివ్వకండి. గుడాలు ఉడకబెట్టి పెట్టండి. గంటల తరబడి కదలకుండా కూచునే మీ నడుమూ కొలిపించుకోండి, అదే టేపుతో.

చివరిగా పెద్దసారు కుటుంబం ఇచ్చిన నిధి గురించి. ఈ డబ్బు ఏటా ఒక ఉపన్యాసానికి అయిపోకూడదని కమిటీని కోరాను, వాళ్లు ఒప్పుకున్నారు. ఈ సీజన్‌లో పసుపు తవ్వకాలు, ఉడకబెట్టడం అయ్యాక, బీడీ మానదలుచుకున్నవాళ్ల పేర్లు మార్కెట్ దగ్గరే రాసుకుంటాం. మానిన రోజున, నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి కలుస్తాం. బరువు, నడుము, బీపీ, షుగర్ చూస్తాం. మళ్లీ ముట్టించినవాళ్లు కూడా రావాలి, వాళ్లను ఎవరూ ఒక్క మాట అనరు. మధ్యలో అర్ధరాత్రి మనసు లాగితే పొగాకు ప్యాకెట్ల మీదే అచ్చు వేస్తున్న 1800-11-2356 నంబరు రాసి పెట్టుకోండి, పొద్దున చేయండి, అది ఉచితం. బెంగళూరు నిమ్హాన్స్ కూడా ఆ సేవలో భాగం. నికోటిన్ గమ్ మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఎప్పుడూ దొరకాలని కలెక్టరు గారికి వినతిపత్రం సిద్ధం చేశాం. పసుపు ధర కోసం 2019లో రైతులే నామినేషన్లు వేసి, ఒక్క లోక్‌సభ స్థానంలో 185 మంది అభ్యర్థులు నిలిచేలా చేసిన జిల్లా మనది. అడగడం మనకు కొత్త కాదు. వినతిపత్రం ద్వారం దగ్గర బల్ల మీద ఉంది. సంతకం చేసేవాళ్లు చేయండి, పేరు రాయించుకునేవాళ్లు పక్కనే ఉన్న రిజిస్టర్‌లో రాయించుకోండి.